సొంత నెంబరు

రబ్బరు బ్యాండు మళ్ళీ తెగింది. రత్నబాబు ఫోను వెనక మూత ఊడిపోకుండా అరచేత్తో నొక్కిపట్టి చెవికి ఆనించుకున్నాడు. రెండో చేత్తో ఇడ్లీ తుంచాడు గానీ, నోట్లో పెట్టుకోవడానికి అవతలి మనిషి సందు ఇవ్వడం లేదు.

"పచ్చ లైటు మిణుకుతుందా అండి, ఊరికే వెలుగుతుందా?"

ఫోను ఎత్తగానే అతని నోట వచ్చే మొదటి మాట అదే. హలో అనడం ఎప్పుడో మానేశాడు. నెట్ రావడం లేదని చెప్పడానికి తప్ప తనకెవరూ ఫోను చెయ్యరని అతనికి తెలుసు. పచ్చ లైటు మిణుకుతుంటే లోపం వాళ్ళ కంప్యూటర్లో ఉన్నట్టు, ఊరికే వెలుగుతుంటే తమ దగ్గర ఉన్నట్టు, అసలు వెలగకపోతే ప్లగ్గు ఊడినట్టు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా అందరికీ ఏళ్ళ తరబడి ఇదే చెబుతున్నాడు. ఒక్కరికీ గుర్తుండి చావదు.

"వెలగట్లేదా? వెనకాల ప్లగ్గు చూడండి. టీవీది కాదండీ బాబూ, మోడెంది. నల్లది. ఆఁ, గుచ్చండి. వచ్చిందా?"

అవతల పెట్టేశారు. వచ్చిందని చెప్పే అలవాటు కూడా ఆ ఇంటికి లేదు.

భార్య జయమణి వంటింట్లోంచి ఎండుమిరపకాయల పొట్లానికి వచ్చిన రబ్బరు బ్యాండు తెచ్చి, ఫోను అతని చేతిలోంచి లాక్కుని రెండు చుట్లు చుట్టింది. ఆ మూత కిందటేడు స్తంభం మీంచి పడి విరిగింది. కొత్త ఫోను కొనుక్కోమంటే వినడు. కొత్త ఫోనయినా మోగేది ఇదే మోతగా అంటాడు.

"రేపు ఆదివారం. చర్చిలో వాక్యం చదివేది నువ్వే. స్తెఫను అయ్యగారు మొన్న కూడా గుర్తుచేశారు," అంది.

"చదువుతాలే."

"పోయినసారీ చదివావు. సగంలో జేబులో ఇది మోగితే, బైబిలు బల్ల మీద పెట్టి బయటికి పోయి లైట్లు అడుగుతా కూచున్నావు. సంఘం అంతా విన్నారు. పచ్చ లైటు ఏ అధ్యాయంలో ఉందని అయ్యగారు నన్నడిగారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

రత్నబాబు చల్లారిన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క ఆదివారం, మొదటి కీర్తన నుంచి చివరి దీవెన దాకా కుర్చీలో కూచోవాలని అతనికీ ఉంది. రేపు కూచోగలడో లేదో ఇవాళ మధ్యాహ్నం తేలుతుంది.

యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, ఎండిన కట్టెలా ఉంటాడు. నిచ్చెన మోసీ మోసీ కుడి భుజం మీద కాయ కాసింది. ఎడమచేతి బొటనవేలి గోరు సుత్తి దెబ్బకి నల్లబడి అలాగే ఉండిపోయింది. స్క్రూడ్రైవరు బరువుకి చొక్కా జేబు ఎప్పుడూ ఒక పక్కకి వేలాడుతుంటుంది. పొద్దున్నుంచీ రెక్కల మధ్య ఏదో పట్టేసినట్టు ఉంది. నిన్న నిచ్చెన దించేటప్పుడు మెలిక పడి ఉంటుందనుకుని, జయమణికి చెప్పకుండా బయల్దేరాడు. చెబితే అదో పంచాయితీ.

నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సెక్కి కూచున్నాడో లేదో ఫోను మోగింది.

"అన్నా, నెట్ వస్తలేదే!" చిల్లకల్లు హైవే మీద లారీ ఆఫీసు గుమస్తా. కోదాడ అవతలి మనిషి.

"పచ్చ లైటు మిణుకుతుందా?"

"ఏమో, చూడలే."

"చూసి చెయ్యి నాయనా, చూసి చెయ్యి. ఆఫీసు నెంబరు ఇచ్చారుగా మీకు? మొన్న అమ్మాయొచ్చి స్టిక్కరు అంటించింది కూడా."

"దానికి జేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తుతుందంటన్నా. నీకు జేస్తేనే నాకు మంచిగుంటది."

బస్సులో ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, ఇదేం గోలన్నట్టు చూశాడు. రత్నబాబు కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు, తన మీదే. ఆ నెంబరు వాళ్ళకిచ్చింది ఎవరు? తనే. ప్రతి ఇంట్లో, ప్రతి కొట్లో మోడెం బిగించాక దాని నెత్తిన నల్ల స్కెచ్ పెన్నుతో తన సెల్ నెంబరు రాసి, "ఆఫీసుకి చేస్తే ఎవరూ ఎత్తరండి, నాకే చెయ్యండి" అని చెప్పి వచ్చేవాడు. జనం ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోలేదు.

దానికో కారణం ఉంది. వయసులో ఉన్నప్పుడు కంచికచర్లలో కేబుల్ టీవీ తీగలు లాగాడు. ఎండనక వాననక స్తంభాలెక్కేది తను. బొమ్మ బాగా వస్తే జనం మెచ్చుకునేది ఓనరుని. దారిలో ఎదురుపడితే ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు, కేబుల్ వాడు అనేవాళ్ళు. ఆ ఉద్యోగం మానేసి ఈ ఇంటర్నెట్ కంపెనీ మునేరు నెట్‌లో చేరిన రోజే అనుకున్నాడు, ఇక్కడ తను చేసిన పని మీద తన పేరు ఉండాలని. పేరు రాయడానికి మొహమాటపడి నెంబరు రాశాడు. అప్పుడు సరదాగానే ఉండేది. రత్నబాబు గారు లేకపోతే మాకు రోజు గడవదండీ అని కొట్టువాళ్ళు అంటుంటే టీ కూడా తియ్యగా ఉండేది. ఇప్పుడు ఆ మాట వింటే ఫోను మునేటి నీళ్ళల్లోకి విసిరెయ్యాలనిపిస్తోంది.

ఈ తంటా అంతటికీ విరుగుడుగా ఓనరు ఉపేంద్ర కిందటి నెలలో రెండు పనులు చేశాడు. జగ్గయ్యపేట గదిలో పాత రౌటరు పక్కన రెండోది పెట్టించాడు. నందిగామ ఆఫీసులో రత్నబాబు పక్కన ఫ్లోరెన్సుని పెట్టాడు. ఒకటి పడిపోతే ఇంకొకటి అందుకోవాలి. రెండింటికీ అదే సూత్రం.

రెండూ పనిచెయ్యలేదు. మధ్యాహ్నం కరెంటు కోత మొదలవగానే పాత రౌటరు ఆగిపోతోంది. బ్యాటరీ మీద ఉన్న రెండోది వెంటనే లేస్తోంది, దీపాలన్నీ వెలుగుతున్నాయి, అయినా పేటలో ఇన్వర్టర్లున్నవాళ్ళకి కూడా నెట్ రాదు. ఫ్లోరెన్సు ఆఫీసు ఫోను ముందు పొద్దస్తమానం కూచుంటోంది, అయినా దానికి ఒక్క కాలూ రాదు. అన్నీ రత్నబాబుకే. ఉపేంద్రకి విసుగెత్తింది. "శనివారం దాకా చూస్తా రత్నబాబు గారూ. పదో తరగతి రిజల్ట్స్ కూడా ఆరోజే. ఆ కోతలో నెట్ నిలబడితే సరే. లేదంటే రెండో బాక్సు వెనక్కి పంపేస్తా, ఆ అమ్మాయిని రావద్దంటా. వాడకం లేనివి పెట్టుకుని నేనేం చేసుకోను?" అన్నాడు. బాక్సునీ మనిషినీ ఒకే గంపలో వేసి మాట్లాడాడు పెద్దమనిషి.

ఫ్లోరెన్సు కంచికచర్ల పిల్ల. పాలిటెక్నిక్ చదివింది. వచ్చిన రెండో వారంలోనే జబ్బెక్కడుందో పట్టుకుంది.

"బాబాయ్, ఈ రెండు రౌటర్లకీ దేని నెంబరు దానికి ఫ్యాక్టరీలోనే వేసేసి ఉంటుంది. అది కాకుండా రెండిటికీ కలిపి ఒక ఉమ్మడి నెంబరు పెట్టుకున్నాం. డ్యూటీలో ఏది ఉంటే అది ఆ నెంబరుతో మాట్లాడాలి. కస్టమరుకి ఏది మాట్లాడుతుందో తెలియాల్సిన పని లేదు. అవునా?"

"మాట్లాడుతూనే ఉందిగా!"

"వినేటప్పుడు ఉమ్మడి నెంబరుతోనే వింటోంది. పంపేటప్పుడు మాత్రం ప్రతి డేటా ప్యాకెట్టు మీదా, ఉత్తరం మీద లాగా ఫ్రమ్ అని ఉండే చోట, తన సొంత నెంబరు వేసి పంపుతోంది. మన చవక మోడెంలు ఆ ఫ్రమ్ చూసి దాన్నే గుర్తుపెట్టుకుంటున్నాయి. అది ఆరిపోయినా దానికే పంపుతున్నాయి. రెండోది పక్కనే కూచుని ఎదురుచూస్తున్నా దాన్ని అడిగేవాళ్ళు లేరు. ఇలా ఎవరు పెట్టారు బాబాయ్?"

పెట్టింది రత్నబాబే. బిగించిన రోజు తెర మీద రెండు దారులు చూపించి ఏది కావాలని అడిగితే, సొంత నెంబరు అన్నదాన్ని ఎంచుకున్నాడు. పంపినవాడి పేరు పంపినవాడిదే ఉండాలి గదా, ఇంకో పేరు పెట్టుకుని పంపడం ఏం న్యాయం అనుకున్నాడు. ఆ మాటే ఫ్లోరెన్సుతో అన్నాడు.

ఆ పిల్ల నవ్వింది. "అందుకే అది అచ్చం మీలాగే తయారైంది. మీరూ అంతేగా! కస్టమరుకి ఫోను చేస్తే మీ సెల్లోంచే చేస్తారు. వాళ్ళ ఫోనులో మీ నెంబరే పడుతుంది. రేపు మీకు జ్వరమొస్తే వాళ్ళు ఎవరికి చెయ్యాలి? ఇకనుంచి ఆఫీసు ఫోనులోంచి చెయ్యండి బాబాయ్, నెల తిరక్కుండా వాళ్ళే దానికి అలవాటు పడతారు."

రత్నబాబుకి చుర్రుమంది. పదిరోజులు ఆ పిల్లతో అవసరానికి మించి మాట్లాడలేదు. మొన్న గురువారం మాత్రం, ఆఫీసుకి రాగానే నీళ్ళ సీసా బల్ల మీద పెడుతూ, "శనివారం పొద్దున నే వెళ్ళి మారుస్తా. ఎలాగో చెప్పు" అన్నాడు. ఫోనుల సంగతి సోమవారం నుంచి చూస్తానన్నాడు.

జగ్గయ్యపేట గది అంటే భవానీప్రసాద్ ఎరువుల కొట్టు మీద డాబాపై వేసిన రేకుల షెడ్డు. కింద పురుగుమందు వాసన, పైన రేకుల సెగ. బల్ల మీద రెండు రౌటర్లు, కింద బ్యాటరీ. బ్యాటరీ ఒక్కదాన్నే మోస్తుంది. కరెంటు ఎక్కువ తినే పాతదాన్ని అది మోయలేదు. ఒక టేబులు ఫ్యాను ఉంది. దాని గాలి కూడా ఎప్పుడూ రౌటర్ల మీదికే. మనుషులు చెమట కారినా పనిచేస్తారు, రౌటర్లు చెయ్యవు.

మెట్లెక్కి వచ్చేసరికి రత్నబాబుకి ఊపిరి అందలేదు. తలుపుకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. తరవాత ప్లాస్టిక్ స్టూలు లాక్కుని, సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి పాత రౌటరుకి తగిలించాడు. రెండోదాన్ని ఫ్లోరెన్సు నందిగామ నుంచే మార్చేసింది. పాతది అక్కణ్ణుంచి మాట వినదు, దగ్గరికెళ్ళి చెప్పాలి. పాత రౌటరుకీ రత్నబాబుకీ పోలిక అక్కడ కూడా కుదిరిందని గురువారం ఆ పిల్ల అనబోయి ఊరుకుంది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొట్టాడు. పంపేటప్పుడు కూడా ఉమ్మడి నెంబరే వాడమంటావా, అవునా కాదా అని తెర అడిగింది. వేలు ఎత్తి కాసేపు అలాగే ఉంచాడు. సొంత నెంబరు తీసేయిస్తున్నానే అనుకున్నాడు. ఎందుకో ఆ డబ్బా మీద జాలేసింది. రోజంతా పనిచేసేదీ అదే, పేరు లేకుండా పోయేదీ అదే. ఆ జాలి ఎవరి మీదో అతనికి బోధపడకపోలేదు. చీదరగా మొహం పెట్టి, అవునని కొట్టాడు.

ఫోను మోగింది. పేట బస్టాండు దగ్గర నెట్ సెంటరు బుల్లిబాబు.

"అన్నా, పన్నెండింటికి రిజల్ట్స్. కోత కూడా పన్నెండింటికే. నే జనరేటరు తెచ్చుకున్నా. పిల్లలూ అమ్మలూ అయ్యలూ రోడ్డు మీద దాకా నించున్నారు. ఇవాళ గానీ నెట్ పోయిందంటే నన్ను తంతారు. నేనొచ్చి నిన్ను తంతా."

"పోదు."

"మొన్న కూడా ఇదే అన్నావు."

"మొన్న వేరు, ఇవాళ వేరు. పెట్టెయ్ బుల్లిబాబూ. నన్ను పని చేసుకోనీ."

చేసుకోవడానికి పనేమీ మిగల్లేదు. ల్యాప్‌టాప్ సంచీలో పెట్టి, స్టూలు గోడకి జరుపుకుని కూచున్నాడు. రెక్కల మధ్య పట్టు ఎడమ చేతిలోకి దిగింది. చెయ్యి విదిలించాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది. రేకుల సెగ అనుకున్నాడు.

పన్నెండు కొట్టీ కొట్టగానే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి నిలిచిపోయాయి. పాత రౌటరు మీద దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయాయి. పక్కదాని మీద పచ్చ లైట్లు గబగబా మిణకడం మొదలెట్టాయి.

రత్నబాబు ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇప్పుడు మోగుతుంది. రోజూ కోత మొదలైన నిమిషంలో మొదటి కాలు వస్తుంది, అక్కణ్ణుంచి తెరిపి ఉండదు. మోగలేదు. ఫోను చచ్చిందేమోనని రబ్బరు బ్యాండు తీసి, మూత తీసి, బ్యాటరీ ఊది, మళ్ళీ పెట్టి చూశాడు. సిగ్నలు నిండుగా ఉంది. అయినా మోగలేదు. లారీ ఆఫీసు వాడు చెయ్యలేదు. బుల్లిబాబు చెయ్యలేదు. బస్టాండు వైపు నుంచి పిల్లల కేకలు గాల్లో వినపడ్డాయి. తిట్లు కావవి. ఎవరో పాసైన కేకలు.

సంతోషించాల్సింది పోయి రత్నబాబుకి కోపం వచ్చింది. ఇన్నేళ్ళు తిండి తిననివ్వలేదు, నిద్రపోనివ్వలేదు, దేవుడి మాట చదవనివ్వలేదు. ఇవాళ ఒక్కడికీ నేను అక్కర్లేకపోయానా? ఒక్కడన్నా చేసి, అన్నా నెట్ బ్రహ్మాండంగా ఉందని చెప్పొచ్చుగా! ఆ మాట కోసం ఎవరూ ఫోను చెయ్యరని తెలిసీ, చాలాసేపు ఫోను వంకే చూస్తూ కూచున్నాడు. తరవాత తనకే నవ్వొచ్చింది.

అప్పుడు మోగింది. ఆఫీసు నెంబరు.

"పచ్చ లైటు..." అనబోయి ఆగాడు.

"బాబాయ్! ఎవ్వరికీ పోలేదు! నేనే వరసపెట్టి అందరికీ ఫోన్ చేసి అడిగా. బుల్లిబాబు గారికైతే రౌటరు మారిన సంగతే తెలీదు. ఉపేంద్ర సారు ఇందాకే వచ్చారు. సరే ఉండండి అన్నారు. ఇద్దరం ఉంటున్నాం బాబాయ్, బాక్సూ నేనూ!"

"ఊఁ. మంచిదమ్మా."

"రేపు పొద్దున ఇంటికొచ్చి ఫోను తీసుకెళ్తా. మీరు చర్చిలో కదలకుండా కూచోండి. ఎవరు చేసినా నే చూసుకుంటా."

"ఇస్తాలే." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఫ్లోరెన్సూ, ఎత్తగానే నీ పేరు చెప్పమాకు. ఎవరమ్మా నువ్వని మొదలెడతారు. ముందు లైటు అడుగు. అదడిగితే ఇంకేం మాట్లాడరు."

"సరే బాబాయ్. మీరు నీరసంగా మాట్లాడుతున్నారేంటి?"

"ఉక్క. రేకులు. కరెంటొచ్చాక బయల్దేరతా."

ఫోను ఒళ్ళో పెట్టుకుని తల గోడకి ఆనించాడు. రేపు చదవాల్సిన వాక్యం ఎక్కడుందో గుర్తుచేసుకోబోయాడు. జయమణి పుట పక్కన దారం పెట్టింది, వెతుక్కోనక్కర్లేదు. పచ్చ లైట్లు మిణుకుతున్నాయి. వాటిని చూస్తూ కళ్ళు మూసుకున్నాడు.

రెండు గంటలకి కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. పాత రౌటరు లేచి తన పని తను అందుకుంది. పేటలో ఒక్కరికీ ఆ మార్పు తెలియలేదు. అతనికీ తెలియలేదు. భోజనం చేసి కొట్టు తెరిచిన భవానీప్రసాద్, ఈ మనిషి ఇంకా దిగలేదేమిటని పైకొచ్చి, "రత్నబాబూ" అని పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు.

ఆదివారం ఆరాధనలో వాక్యం స్తెఫను అయ్యగారే చదివారు. సాయంత్రం సమాధి దగ్గర, అందరూ తలలు వంచి ఉండగా, జయమణి చేతిసంచీలో ఫోను మోగింది. దాన్ని ఎలా ఆపాలో ఆమెకి తెలియదు. మోగిన ప్రతిసారీ ఎత్తింది. రత్నబాబు గారేనా అని అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. అయ్యో అన్నవాళ్ళున్నారు. అయ్యో అని, మరి మా నెట్ సంగతేంటమ్మా అన్నవాళ్ళూ ఉన్నారు. చీకటి పడేవేళ ఫ్లోరెన్సు వచ్చి పక్కన కూచుంటే, ఆ ఫోను ఆమె ఒళ్ళో పడేసింది.

"తీసుకుపో అమ్మా. ఎంతమందికని చెప్పను? చెప్పిన ప్రతిసారీ ఆయన మళ్ళీ కొత్తగా పోతున్నాడు."

సోమవారం పొద్దున ఫ్లోరెన్సు ఆఫీసు తలుపు తీసేసరికే ఆ ఫోను సంచీలో మోగుతోంది. తీస్తుంటే రబ్బరు బ్యాండు తెగి, మూత కింద పడింది. ఒంగి మూత అందుకుని, ఎప్పుడూ ఆయన చేసినట్టే అరచేత్తో నొక్కిపట్టి, చెవికి ఆనించుకుంది. మునేరు నెట్ అనాలి, అది ఆఫీసు పద్ధతి. తన పేరు చెప్పాలి, అది మర్యాద. ఆయన లేరని చెప్పాలి, అది నిజం.

"పచ్చ లైటు మిణుకుతుందా అండి, ఊరికే వెలుగుతుందా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఊరికే వెలుగుతోందమ్మా."

"అయితే మా దగ్గరే ఏదో ఉంది. చూస్తా ఉండండి."

ఎవరు నువ్వని అవతలి మనిషి అడగలేదు. ఫోను పెట్టేశాక ఫ్లోరెన్సు చాలాసేపు ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని వచ్చి, జడకున్న ఎర్ర రబ్బరు బ్యాండు తీసి, ఆ ఫోనుకి రెండు చుట్లు చుట్టి, ఆఫీసు ఫోను పక్కన బల్ల మీద పెట్టింది.